పత్రికలో 5ఈ అడ్వెంచర్ వేయాలంటే: ఏ లైసెన్సు, ఏ పేజీలో ఏం రాయాలి?

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం. విజయవాడలో చాలాకాలంగా ప్రతి ఆదివారం డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలతో ఆడే కథల ఆట; దాని అయిదో ఎడిషనే 5ఈ) ఆడుతున్నాం. ఇప్పుడు తెలుగులో మూడు నెలలకోసారి ఒక పత్రిక తేవాలని అనుకుంటున్నాం. 64 పేజీలు, 300 కాపీలు, వెల 120 రూపాయలు. పీడీఎఫ్ విడిగా అమ్ముతాం. మొదటి సంచికలో కొండవీటి కోట కింద సొరంగంలో జరిగే 18 పేజీల అడ్వెంచర్ (ఆడేందుకు రాసిన కథ) ఉంటుంది. అందులో గోబ్లిన్లు, ఒక బిహోల్డర్ (గాల్లో తేలే అనేక కళ్ల భూతం), వేరే ప్రచురణకర్త పాత ఓజీఎల్ (ఓపెన్ గేమ్ లైసెన్సు, ఇతరులు వాడుకోవడానికి ముందే ఇచ్చే అనుమతి) పుస్తకంలోంచి తీసుకున్న ఒక మాన్‌స్టర్, మా మిత్రుడు రాసిన కొత్త సబ్‌క్లాస్ (పాత్ర వృత్తిలో ఒక ఉపరకం) ఉన్నాయి. అదే సంచికలో ఒక పుస్తక సమీక్ష కూడా వేస్తున్నాం. తర్వాతి సంచికల్లో వేరే ఆటలు కూడా వేస్తాం. ఓజీఎల్ రద్దయిందని కొందరు, లేదని కొందరు చెబుతున్నారు. ఇదంతా మేం అమ్ముకోవచ్చా? కవరు మీద ఆట పేరు వేయొచ్చా? ఓపెన్ లైసెన్సు వాడితే మా పత్రికంతా ఎవరు పడితే వాళ్లు అచ్చు వేసుకోవచ్చా?

జవాబు: అమ్ముకోవచ్చు. ఎవరినీ అనుమతి అడగక్కర్లేదు, ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదు. కవరు మీద ఆట పేరు వద్దు, ‘5ఈ కంపాటిబుల్’ అని వేయండి. పత్రికంతా ఓపెన్ అయిపోదు. బిహోల్డర్‌ని తీసేయాలి. పాత ఓజీఎల్ పుస్తకంలోంచి తెచ్చుకున్న మాన్‌స్టర్ దగ్గరే అసలు చిక్కు ఉంది. అది లేకుండా కథ నడిచేట్టయితే దాన్ని కూడా తీసేయమనే చెబుతాం. రెండో సంచికకు ఇవే ప్రశ్నలు వేరే వేషంలో తిరిగొస్తాయి కాబట్టి కారణాలు కాస్త వివరంగా రాస్తున్నాం.

లేఅవుట్ మొదలుపెట్టకముందే ఒక పని చేయండి. అడ్వెంచర్‌లో వాడిన ప్రతి మాన్‌స్టర్‌కి, ప్రతి స్పెల్‌కి, ప్రతి మ్యాజిక్ వస్తువుకి, ప్రతి బొమ్మకి, మ్యాపుకి ఒక షీట్లో ఒక్కో వరుస పెట్టండి. వరుసలో అయిదు గడులు: మన పేజీ నంబరు, ఆ ముక్క పేరు, ఎక్కడి నుంచి వచ్చింది, ఏ లైసెన్సు, మనం ఏం మార్చాం. ఉదాహరణకు ‘పే. 22, గోబ్లిన్, ఎస్‌ఆర్‌డీ 5.1, సీసీ బై 4.0, తెలుగు చేశాం, ఆయుధం మార్చాం’ (ఎస్‌ఆర్‌డీ అంటే కంపెనీ విడుదల చేసిన నియమాల పత్రం, సీసీ బై అంటే పేరు చెప్పి వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు; రెండిటి సంగతీ కింద ఉంది). ఇలా 18 పేజీలకు నలభై, యాభై వరుసలు వస్తాయి. మూడో గడిలో ‘నెట్లో దొరికింది’ అనో ‘గుర్తు లేదు’ అనో రాయాల్సి వచ్చిన ముక్కను అక్కడికక్కడే పక్కన పెట్టేయండి. లైసెన్సు తప్పులు చాలా వరకు చట్టం తెలియక జరిగేవి కావు. ఏ ముక్క ఎక్కడిదో మూడు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు, అక్కడ జరుగుతాయి.

అసలు లైసెన్సు ఎందుకు కావాలి? ఆట ఆడే పద్ధతి మీద ఎవరికీ కాపీరైట్ లేదు. ఇరవై ముఖాల పాచిక వేసి, బోనస్ కలిపి, ఎదుటివాడి ఆర్మర్ క్లాస్‌తో (రక్షణ అంకెతో) పోల్చడం ఒక ఆలోచన. ఆలోచనకు కాపీరైట్ ఉండదని, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుందని మన సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. అమెరికా చట్టంలోనూ సూత్రం ఇదే. కానీ ఒక స్పెల్ వివరణలో వాక్యాలు, ఒక మాన్‌స్టర్ వర్ణన, దాని శక్తులకు పెట్టిన పేర్లు, అవి చెప్పిన క్రమం ఇవన్నీ ‘చెప్పిన తీరు’ కిందికే వస్తాయి. స్టాట్ బ్లాక్‌లో (మాన్‌స్టర్ బలం, శక్తులు చూపే పట్టికలో) ఏది ఉత్త లెక్క, ఏది రచన అని గీత గీయడం కష్టం. ఆ వాదనలోకి దిగే అవసరం లేకుండా చేయడమే ఓపెన్ లైసెన్సు వల్ల మనకు కలిగే లాభం.

‘మేం తెలుగులో రాసుకున్నాం కదా, వాళ్ల వాక్యం ఒక్కటీ వాడలేదు’ అనే మాట చాలామంది అంటారు. అది నిలబడదు. అనువదించే హక్కు కూడా మూల రచయితదేనని 1957 కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. స్పెల్ వివరణను వాక్యం వెంట వాక్యం తెలుగు చేస్తే దానికీ లైసెన్సు కావాల్సిందే.

ఇక ఓజీఎల్ రద్దయిందా అనే ప్రశ్న. రద్దు కాలేదు. 2000లో ఈ ఆటను ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ ఆ లైసెన్సు తెచ్చింది. మనం చూసేదంతా దాని 1.0ఏ రూపమే. 2023 జనవరి మొదటి వారంలో 1.1 అనే కొత్త ముసాయిదా బయటికి పొక్కింది. ఏడాదికి 7,50,000 డాలర్లు దాటిన రాబడి మీద 25 శాతం వరకు రాయల్టీ, పాత లైసెన్సుకు చెల్లుచీటీ అందులో ఉన్నాయి. పాత 1.0ఏలో 9వ సెక్షన్ ‘అధీకృత రూపం ఏదైనా వాడుకోవచ్చు’ అంటుంది. ‘అధీకృత’ అన్న ఆ ఒక్క మాట పట్టుకుని, 1.0ఏకి ఆ హోదా తీసేస్తామన్నది కంపెనీ ఎత్తు. లైసెన్సులో ‘శాశ్వతం’ అని ఉంది కానీ ‘వెనక్కి తీసుకోవడం కుదరదు’ అన్న మాట లేదు. ఆటగాళ్లు, ప్రచురణకర్తలు గట్టిగా ఎదురుతిరిగారు. జనవరి 27న కంపెనీ వెనక్కి తగ్గింది. 1.0ఏ జోలికి పోబోమని ప్రకటించి, ఎస్‌ఆర్‌డీ 5.1 మొత్తాన్ని క్రియేటివ్ కామన్స్ బై 4.0 కింద కూడా విడుదల చేసింది. ఎస్‌ఆర్‌డీ అంటే 403 పేజీల నియమాల పత్రం. ఆటలో ఇతరులు వాడుకోదగ్గ భాగమంతా అందులోనే ఉంటుంది.

క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ‘వెనక్కి తీసుకోవడం కుదరదు’ అన్న మాట రాతపూర్వకంగా ఉంది. మీరు ఎస్‌ఆర్‌డీ 5.1ని ఓజీఎల్ కింద కాకుండా సీసీ బై కింద వాడుకోమని మేం చెప్పడానికి మొదటి కారణం అదే. రెండో కారణం, సీసీ బై కింద మీరు కొత్తగా కల్పించింది మీ దగ్గరే ఉంటుంది. కొండవీటి సొరంగం కథ, పాత్రలు, మీ మిత్రుడి సబ్‌క్లాస్ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. ఇవ్వాలనిపిస్తే ఇవ్వొచ్చు, అది మీ ఇష్టం. మూడోది పత్రికలకు మరీ ముఖ్యం: ట్రేడ్‌మార్కుల గురించి ఓజీఎల్ పెట్టే ఆంక్ష సీసీ బైలో లేదు. దాని సంగతి సమీక్ష దగ్గర చెబుతాం.

సీసీ బై కింద మీరు చేయాల్సింది కొంచెమే, కానీ తు.చ. తప్పకుండా చేయాలి. ఎస్‌ఆర్‌డీ మొదటి పేజీలోనే కంపెనీ ఒక ఇంగ్లిష్ ప్రకటన ఇచ్చింది. ఈ రచనలో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వారి ఎస్‌ఆర్‌డీ 5.1 నుంచి తీసుకున్న భాగాలు ఉన్నాయని, అది ఫలానా లింకులో దొరుకుతుందని, దానికి సీసీ బై 4.0 లైసెన్సు ఉందని, ఆ లైసెన్సు లింకు ఇదని దాని భావం. దాన్ని తెలుగు చేయకండి, కుదించకండి. ఇంగ్లిష్‌లో ఉన్నదున్నట్టు కాపీ చేసి వేయండి. దాని కింద మీ తెలుగు వాక్యం ఒకటి చేర్చండి: ‘పై భాగాలను తెలుగులోకి అనువదించాం. గోబ్లిన్ ఆయుధాలను, గదుల వివరాలను మార్చాం.’ మార్చిన సంగతి చెప్పడం లైసెన్సు షరతే. అనువాదం కూడా మార్పే. చాలామంది మరిచిపోయేది ఈ వాక్యమే.

ఇది ఎక్కడ వేయాలి? అడ్వెంచర్ చివరి పేజీలో, ఒక పెట్టెలో. సంచిక చివర ఎక్కడో వేస్తే లైసెన్సు మాట తప్పినట్టు కాదు కానీ, రేపు మీరు ఆ అడ్వెంచర్‌ని విడిగా పీడీఎఫ్ చేసి అమ్మినప్పుడు పెట్టె వెనకే ఉండిపోతుంది. రచనతో పాటే కదిలేలా పెట్టుకోండి. అక్షరాలు 7 పాయింట్ల కంటే చిన్నవి చేయకండి. లింకులు చదవగలిగేట్టు ఉండాలి, పీడీఎఫ్‌లో నొక్కితే తెరుచుకోవాలి. ఆ ప్రకటన తప్ప తన పేరుతో ఇంకే గుర్తింపూ ఇవ్వొద్దని కంపెనీ అక్కడే కోరింది. కాబట్టి ‘విజార్డ్స్ వారి సౌజన్యంతో’ లాంటి మర్యాద మాటలు, లోగోలు వద్దు. ‘ఫిఫ్త్ ఎడిషన్‌కు అనుకూలం’, ‘5ఈ కంపాటిబుల్’ అని చెప్పుకోవడానికి మాత్రం అదే పేజీలో ఒప్పుకుంది. మీ కవరు మీదికి అవి చాలు. ఆడేవాళ్లకు ఆ నాలుగు అక్షరాలు చూస్తేనే సంగతి అర్థమవుతుంది.

పత్రిక రెండో పేజీలో ‘సర్వహక్కులు మావి, ఏ భాగాన్నీ ఏ రూపంలోనూ వాడరాదు’ అనే అలవాటు వాక్యం ఉంటుంది కదా, దాన్ని అలాగే వదిలేయకండి. ఇతరులు వాడుకోవచ్చని ఒకరు వదిలిన దాన్ని మీరు మళ్లీ బిగించినట్టవుతుంది. ‘ఆయా పేజీల్లో వేరుగా పేర్కొన్న భాగాలు మినహా’ అన్న మాట చేర్చండి. పీడీఎఫ్‌కి కాపీ చేయనివ్వని లాక్ పెట్టొద్దు, అలాంటి సాంకేతిక అడ్డుకట్టలు సీసీ లైసెన్సుకు సరిపడవు. కొన్నవాళ్ల పేరు పేజీ అడుగున వాటర్‌మార్కుగా వేసుకోవచ్చు.

ఎస్‌ఆర్‌డీ ఏ అంకెదో కూడా చూసుకోండి. 5.1 అంటే 2014 నాటి నియమాలు. 2024 నియమాల కోసం 2025 ఏప్రిల్‌లో 5.2, కొద్ది రోజుల్లోనే సవరణలతో 5.2.1 వచ్చాయి. అవీ సీసీ బై 4.0 కిందే, కానీ ఇంగ్లిష్ ప్రకటన వేరు, లింకు వేరు. రెండింటి నుంచి తీసుకుంటే రెండు ప్రకటనలూ వేయాలి. ఆటలో కూడా తేడా వస్తుంది. 5.1లో గోబ్లిన్ హ్యూమనాయిడ్ (మనిషి లాంటి జాతి): ఆర్మర్ క్లాస్ 15, హిట్ పాయింట్లు (ఎంత దెబ్బకు తట్టుకుంటుందో చెప్పే అంకె) 7 (2డీ6, అంటే రెండు ఆరుముఖాల పాచికలు). 5.2.1లో గోబ్లిన్ వారియర్ ఫే జాతిది, హిట్ పాయింట్లు 10 (3డీ6). చార్మ్ పర్సన్ స్పెల్ హ్యూమనాయిడ్ల మీదే పనిచేస్తుంది. 5.1 చూసి ‘కాపలా గోబ్లిన్‌ని మాయ చేసి తాళం తీయించుకోవచ్చు’ అని 3వ గదిలో రాసి, స్టాట్ బ్లాక్ 5.2.1లోంచి పెడితే ఆ గది అక్కడే ఆగిపోతుంది. మొదటి సంచికకు ఏదో ఒక్కటే ఎంచుకుని, అదేదో కవరు లోపలి పేజీలో చెప్పండి.

ఇప్పుడు బిహోల్డర్. ఎస్‌ఆర్‌డీ అంటే ఆట మొత్తం కాదు, అందులో కావాలని ఒదిలేసినవి చాలా ఉన్నాయి. బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్, డిస్‌ప్లేసర్ బీస్ట్, గిత్‌యాంకీ, యువాన్‌టీ, అంబర్ హల్క్, క్యారియన్ క్రాలర్, కువో‌టోవా వీటి స్టాట్ బ్లాకులు అందులో లేవు. 5.1 సీసీ పత్రంలో ఇలాంటి పేర్లు కొన్ని అక్కడక్కడ ప్రస్తావనగా దొర్లాయి. ‘పేరుంది కదా’ అని దాన్ని పట్టుకుని వాదించేవాళ్లున్నారు. పేరు ఉన్నంత మాత్రాన రూపం, శక్తులు, బొమ్మ రావు. మాన్‌స్టర్ మాన్యువల్‌లోంచి బిహోల్డర్ కిరణాల పట్టికను తెలుగు చేస్తే, మీరు వాడింది ఎస్‌ఆర్‌డీ కానే కాదు. ఏ ఓపెన్ లైసెన్సూ దానికి వర్తించదు.

పేరు మార్చి ‘వెయ్యికళ్ల భూతం’ అని పెట్టి, గాల్లో తేలే గుండ్రటి తల, మధ్యలో పెద్ద కన్ను, పైన పది కాడలు, కాడకో కిరణం అలాగే ఉంచినా పని జరగదు. దాని జోలికి పోకుండా కథలో అది చేసే పని ఏమిటో చూడండి. సొరంగం చివర ఖజానాకి కాపలా, దూరం నుంచి మాయ ప్రయోగించడం, ఎదుటివాళ్ల మాయను ఆపడం. అంతే కదా. ఆ పని చేయడానికి ఎస్‌ఆర్‌డీలో ఉన్న స్ఫింక్స్ ఉంది, గోలెములు ఉన్నాయి, లిచ్ ఉంది. లేదా మీరే ఒకదాన్ని కల్పించండి. కొండవీడు రెడ్డిరాజుల కోట. దాని ఖజానాకి కాపలా ఉండేది మన జానపదంలోంచే వస్తే అందం, పైగా దాని మీద ఎవరి హక్కూ ఉండదు. నిధికి చుట్టుకుని పడుకున్న పామును మన ఊళ్లలో ఎవరికైనా కొత్తగా పరిచయం చేయాలా?

స్పెల్ పేర్ల దగ్గరా ఇదే మెలకువ. మీ దగ్గర ఉన్న అచ్చు పుస్తకంలో ‘మెల్ఫ్స్ యాసిడ్ యారో’ అని ఉంటుంది, ఎస్‌ఆర్‌డీలో ఉత్త ‘యాసిడ్ యారో’. ‘తాషాస్ హిడియస్ లాఫ్టర్’ అక్కడ ‘హిడియస్ లాఫ్టర్’. ‘బిగ్బీస్ హ్యాండ్’ అయితే 5.1లో ‘ఆర్కేన్ హ్యాండ్’. ముందున్న వ్యక్తి పేర్లు కంపెనీ తన దగ్గరే పెట్టుకుంది. కాబట్టి అచ్చు పుస్తకం చూసి టైప్ చేయకండి, ఎస్‌ఆర్‌డీ పీడీఎఫ్ తెరిచి అందులోంచే తీసుకోండి. 5.1లో ఒక్కో క్లాసుకు ఒక్కటే సబ్‌క్లాస్ ఉంది: ఫైటర్‌కి చాంపియన్, విజార్డ్‌కి ఎవొకేషన్, క్లెరిక్‌కి లైఫ్. బ్యాక్‌గ్రౌండు (పాత్ర గతం) ఒక్క అకొలైట్, ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) ఒక్క గ్రాప్లర్. అడ్వెంచర్‌తో పాటు ముందే తయారుచేసిన పాత్రలు ఇస్తుంటే ఈ హద్దులోనే ఉండాలి. కథలోని ఊళ్లు, దేవతలు కూడా కంపెనీ కల్పిత లోకమైన ఫర్గాటెన్ రెల్మ్స్ నుంచి రాకూడదు. మీది కొండవీడు కాబట్టి ఆ బాధ లేదు.

అభిమానుల రచనల కోసం కంపెనీ పెట్టిన ఫ్యాన్ కంటెంట్ పాలసీ అని ఒకటుందని మీకెవరైనా చెప్పే ఉంటారు. అది ఉచితంగా పంచే వాటికి మాత్రమే. 120 రూపాయల పత్రికకు అది పనికిరాదు.

ఇప్పుడు పాత ఓజీఎల్ పుస్తకంలోని మాన్‌స్టర్ సంగతి. ఆ పుస్తకం సీసీ కింద రాలేదు, ఓజీఎల్ 1.0ఏ కిందే వచ్చింది. ఓజీఎల్ ఇంకా బతికే ఉంది కాబట్టి వాడుకునే దారి ఉంది. కానీ ఆ ఒక్క మాన్‌స్టర్‌తో పాటు మొత్తం సరంజామా మీ పత్రికలోకి దిగుతుంది.

మొదట, ఆ మాన్‌స్టర్ నిజంగా ఓపెన్ గేమ్ కంటెంటేనా? పుస్తకం మొదటి పేజీలోనో చివరి పేజీలోనో ‘ప్రొడక్ట్ ఐడెంటిటీ’ (ప్రచురణకర్త తన దగ్గరే ఉంచుకున్నది), ‘ఓపెన్ గేమ్ కంటెంట్’ (ఇతరులు వాడుకోదగ్గది) అని రెండు ప్రకటనలు ఉంటాయి. ఓజీఎల్‌లో పుస్తకమంతా ఓపెన్ కాదు, ప్రచురణకర్త ఓపెన్ అని చూపించిందే ఓపెన్. కొన్ని పుస్తకాల్లో స్టాట్ బ్లాక్ ఓపెన్, మాన్‌స్టర్ పేరు మాత్రం ప్రొడక్ట్ ఐడెంటిటీ అని ఉంటుంది. అప్పుడు మీరు పేరు మార్చి వాడుకోవాలి. వర్ణన, బొమ్మ దాదాపు ఎప్పుడూ వాళ్లవే.

తర్వాత 10వ సెక్షన్. లైసెన్సు పూర్తి పాఠాన్ని ప్రతి కాపీలోనూ వేయాలి. లింకు ఇస్తే సరిపోదు. చిన్న అక్షరాల్లో దాదాపు ఒక పేజీ పోతుంది. ఒక్క మాట కలపకూడదు, తీయకూడదు, ఇంగ్లిష్‌లోనే వేయాలి.

తర్వాత 8వ సెక్షన్. మీ పత్రికలో ఏ ముక్క ఓపెన్ గేమ్ కంటెంటో చదివేవాళ్లకు తెలిసేలా చూపించాలి. ‘ఈ సంచికలో నియమాలకు సంబంధించినదంతా ఓపెన్’ అని గాలివాటంగా రాస్తే మీరు దాచుకోవాలనుకున్న సబ్‌క్లాస్ కూడా అందులో పడిపోతుంది. ‘30వ పేజీలో బూడిద రంగు పెట్టెలోని పాఠం మాత్రమే ఓపెన్ గేమ్ కంటెంట్. సంచికలో మిగతా కథ, పాత్రల పేర్లు, బొమ్మలు, మ్యాపులు ప్రొడక్ట్ ఐడెంటిటీ’ అని వేలు పెట్టి చూపినట్టు రాయండి. ఆ మాన్‌స్టర్‌ని మీరు మార్చి రాసినా, తెలుగు చేసినా అది ఓపెన్‌గానే ఉంటుంది. మీ ఇతర వ్యాసాలకు అది అంటుకోదు.

అందరూ తప్పులో కాలేసేది 15వ సెక్షన్ దగ్గర. లైసెన్సు చివర కాపీరైట్ వరుసల జాబితా ఉంటుంది. మొదటి వరుస లైసెన్సుది, తర్వాత ఎస్‌ఆర్‌డీది, ఆపై ఆ పుస్తకం వాడుకున్న పాత పుస్తకాలవి, చివరికి ఆ పుస్తకానిది. 6వ సెక్షన్ ప్రకారం మీరు వాడిన కంటెంట్ తాలూకు వరుసలన్నీ అక్షరం మారకుండా దించుకుని, కింద మీ వరుస చేర్చాలి: రచన పేరు, సంవత్సరం, హక్కుదారు పేరు. మీ వరుసలో పత్రిక పేరు కాకుండా అడ్వెంచర్ పేరు, రచయిత పేరు వేయడం మేలు, హక్కు వాళ్లదే కాబట్టి. ఆ పుస్తకం పేరు ఒక్కటే వేసి దాని వెనక ఉన్న పదిహేను వరుసలూ వదిలేయడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. ఇంకో మెలిక ఉంది: 2002లో నెక్రోమాన్సర్ గేమ్స్ వేసిన టోమ్ ఆఫ్ హారర్స్ లాంటి పుస్తకాల్లో ఒక్కో మాన్‌స్టర్‌కి విడిగా ఒక్కో వరుస ఉంటుంది, మీరు వాడిన దానిదే దించుకోవాలి. మీ మాన్‌స్టర్ వంశవృక్షం అంతదూరం పోతుందేమో చూసుకోండి.

అన్నిటి కంటే ముఖ్యం 7వ సెక్షన్. ఓజీఎల్ కంటెంట్ ఉన్న రచనతో కలిపి ఇతరుల ట్రేడ్‌మార్కులతో అనుకూలత చెప్పుకోనని, వాళ్ల ప్రొడక్ట్ ఐడెంటిటీ వాడనని మీరు ఒప్పుకుంటున్నారు. ఆట పేరే ఎస్‌ఆర్‌డీలో ప్రొడక్ట్ ఐడెంటిటీగా రాసి ఉంది. మామూలుగా అయితే సమీక్షలో పుస్తకం పేరు చెప్పడానికి, రెండు వాక్యాలు ఉటంకించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సమీక్షకు వెసులుబాటు ఇచ్చింది. కానీ ఓజీఎల్ ఒక ఒప్పందం. చట్టం ఇచ్చిన వెసులుబాటును మీ అంతట మీరే వదులుకుంటున్నారని దాని అర్థం. అదే సంచికలో 48వ పేజీలో సమీక్ష ఉండి అందులో ఆట పేరు పదిసార్లు వస్తే, ‘రచన’ అంటే సంచిక మొత్తమా, ఆ అడ్వెంచర్ ఒక్కటేనా అన్న ప్రశ్న లేస్తుంది. లైసెన్సు దానికి నేరుగా జవాబు చెప్పదు. పుస్తకం వేసేవాళ్లకు ఈ తలనొప్పి లేదు, రకరకాల వ్యాసాలు ఒకే కుట్టులో పెట్టే పత్రికకే ఉంది.

దారులు మూడున్నాయి. ఆ మాన్‌స్టర్‌ని తీసేసి ఎస్‌ఆర్‌డీలోది పెట్టడం అన్నిటికంటే సులువు. లేదా ఆ పుస్తకం ప్రచురణకర్తకు ఒక మెయిల్ రాసి, ఈ ఒక్క మాన్‌స్టర్‌ని ఓజీఎల్‌తో పని లేకుండా మీ పత్రికలో తెలుగులో వేసుకోవడానికి రాతపూర్వక అనుమతి అడగండి. చిన్న ప్రచురణకర్తలకు ఇది పెద్ద విషయం కాదు. కాకపోతే ఆ మాన్‌స్టర్ పూర్తిగా వాళ్ల సొంతమై ఉండాలి. వాళ్లూ ఇంకొకరి దగ్గర తీసుకున్నదైతే అనుమతి ఇచ్చే హక్కు వాళ్లకు లేదు. అది 15వ సెక్షన్ వరుసలు చూస్తే తెలిసిపోతుంది. మూడోది, ఓజీఎల్ కంటెంట్ మొత్తం నాలుగు పేజీల విడి పత్రంగా అచ్చు వేసి సంచికలో పెట్టి ఇవ్వడం. లైసెన్సు పాఠం, 15వ సెక్షన్ అందులోనే ఉంటాయి, ట్రేడ్‌మార్కు పేరు అందులో ఎక్కడా ఉండదు. పీడీఎఫ్ కూడా వేరే ఫైలు. ఖర్చు కాస్త పెరుగుతుంది కానీ మీ సమీక్షకు ఏ అడ్డూ ఉండదు.

తర్వాతి సంచికల్లో వేరే ఆటలు కూడా వేస్తామని రాశారు కాబట్టి రెండు ముక్కలు. పాత్‌ఫైండర్ అనే ఆట 2019 నాటి ముద్రణ ఓజీఎల్ కింద ఉంది. 2023 నవంబరులో వచ్చిన దాని కొత్త పుస్తకాలు ప్లేయర్ కోర్, జీఎం కోర్ మాత్రం ఓఆర్‌సీ అనే వేరే ఓపెన్ లైసెన్సు కింద వచ్చాయి. రెండింటినీ ఒకే వ్యాసంలో కలపకండి, ఇతరుల ఓజీఎల్ కంటెంట్‌ని ఓఆర్‌సీ కిందికి మార్చే హక్కు మనకు లేదు. ఓఆర్‌సీలో లైసెన్సు పాఠమంతా వేయక్కర్లేదు, నిర్ణీత నోటీసు, మూల రచనల పేర్లు చాలు. కథ, పేర్లు, బొమ్మలు వాటంతట అవే మీ దగ్గర ఉండిపోతాయి. నియమాలు మాత్రం వాటంతట అవే ఓపెన్ అవుతాయి, ‘ఈ కొత్త నియమం ఇవ్వను’ అనడానికి వీల్లేదు. కెయిర్న్ లాంటి ఆటలు సీసీ బై ఎస్‌ఏ కింద ఉన్నాయి. దాని మీద కట్టిన వ్యాసాన్ని అదే లైసెన్సు కింద ఇవ్వాలి, పక్క వ్యాసాలకు ఆ షరతు పాకదు, ఎందుకంటే పత్రిక ఒక సంకలనం. ‘ఎన్‌సీ’ (వ్యాపారానికి వాడరాదు) అని ఉన్నది దేన్నీ అమ్మే పత్రికలో వేయొద్దు. నెట్లో దొరికే మ్యాపులు, బొమ్మల్లో ఇదే ఎక్కువగా ఉంటుంది.

మీ మిత్రుడి సబ్‌క్లాస్ దగ్గరికి వద్దాం. స్నేహితులం కదా, కాగితాలెందుకు అనుకోకండి. పత్రికలో జీతానికి పనిచేసేవాళ్లు రాస్తే, పత్రికలో ప్రచురించే హక్కు యజమానికి వస్తుందని 17వ సెక్షన్ చెబుతోంది. బయటి నుంచి రాసినవాళ్ల విషయంలో, మీరు డబ్బిచ్చినా సరే, హక్కు రచయితదే. హక్కు బదిలీ, లైసెన్సు రెండూ రాతలో ఉండాలి, బదిలీ అయితే సంతకం కూడా. కాలం రాయకపోతే అయిదేళ్లే అని, ప్రాంతం రాయకపోతే ఇండియాకే అని 19వ సెక్షన్ అనుకుంటుంది. ఏడాదిలోగా వాడుకోకపోతే హక్కు పోతుంది, వేరుగా రాసుకుంటే తప్ప. ఈ నిబంధనలు లైసెన్సులకూ వర్తిస్తాయి. మీ పీడీఎఫ్ డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న తెలుగువాళ్లు కొనుక్కోవాలంటే ‘ప్రపంచమంతటా’ అన్న మాట కాగితంలో ఉండి తీరాలి.

అర పేజీ ఉత్తరం చాలు. రచన పేరు, తెలుగులో అచ్చు, పీడీఎఫ్ రెండింటికీ అనుమతి, ప్రపంచమంతటా, ఎన్నేళ్లకో, మళ్లీ సంకలనంలో వేసుకోవచ్చో లేదో, ఎంత డబ్బో. వాడిన ప్రతి మూలం పేరు, లైసెన్సు రచయితే కింద రాసి సంతకం పెట్టాలి. ఒక ప్రశ్న తప్పనిసరిగా అడగండి: ‘ఇది డీఎమ్స్ గిల్డ్‌లో ఇంతకు ముందు పెట్టారా?’ ఆటగాళ్లు రాసిన డీ అండ్ డీ రచనలు అమ్మే సైటు అది. అక్కడ పెట్టిన రచనలను ఆ సైటు ఒప్పందం కట్టిపడేస్తుంది, ఇంకెక్కడా వేయడానికి లేదు. రాసినవాళ్లు తమదే కదా అని నిజాయితీగానే పంపిస్తారు, చిక్కు మాత్రం మీకు. బొమ్మలు, మ్యాపులు గీసేవాళ్లకూ ఇలాంటి కాగితమే. మ్యాపులో డీఎం (ఆట నడిపేవారు) కోసం, ఆటగాళ్ల కోసం రెండు రూపాలు ఉంటే రెండూ పేర్కొనండి.

ప్రెస్సుకు పంపే ముందు చివరి పీడీఎఫ్‌లో వెతుకులాట పెట్టండి. ఆట పేరు, కంపెనీ పేరు, బిహోల్డర్, మెల్ఫ్, తాషా, బిగ్బీ, మోర్డెన్‌కైనెన్ ఒక్కొక్కటి తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ టైప్ చేసి చూడండి. అడ్వెంచర్ పేజీల్లో ఎక్కడ తగిలినా ఆపి షీటుతో సరిచూడండి. కంపెనీ పేరు ప్రకటన పెట్టెలో ఒక్కచోటే ఉండాలి. మ్యాపుల మీది అక్షరాలు బొమ్మలో భాగం కాబట్టి వెతికితే దొరకవు, కళ్లతోనే చూడాలి.

ఇంత చేసినా ఏదో ఒకటి జారిపోవచ్చు. సీసీ బై 4.0లో తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దితే పోయిన హక్కు తిరిగి వస్తుంది, ఓజీఎల్ 13వ సెక్షన్ కూడా తెలిసిన నాటి నుంచి 30 రోజులే ఇస్తుంది. మీది మూడు నెలల పత్రిక కాబట్టి ‘వచ్చే సంచికలో సవరణ వేద్దాం’ అంటే గడువు దాటిపోతుంది. పీడీఎఫ్‌ని వెంటనే మార్చి, కొన్నవాళ్లందరికీ కొత్త ఫైలు పంపండి. అమ్ముడుపోని కాపీల్లో సరైన ప్రకటన ఉన్న చీటీని అడ్వెంచర్ చివరి పేజీలో అంటించండి. తప్పు మీకు తెలిసిన తేదీని ఆ షీట్లోనే రాసిపెట్టుకోండి, లెక్క ఆ రోజు నుంచే మొదలవుతుంది.